ఉబెరాబాలో మూడు రోజులు: ఒంగోలు పశువుల జాడలో వెళ్లే జంటకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీవారు ప్రాజెక్టు పని మీద సావో పాలోలో ఉన్నారు, మీరు గుంటూరు నుంచి కొన్ని వారాలకు అక్కడికి వెళ్తున్నారు. రియో, ఇగ్వాసు జలపాతాలు ఎలాగూ చూస్తారు. అవి కాక ఒక లాంగ్ వీకెండ్ మిగిలింది. మీ మామగారి ఇంట్లో ఒకప్పుడు ఒంగోలు ఎడ్ల జత ఉండేది కాబట్టి, ఆ జాతి పశువులు స్థిరపడిన ఉబెరాబా చూడాలని మీ ఇద్దరి కోరిక. ఆఫీసులో బ్రెజిల్ వాళ్లేమో "అక్కడ చూడ్డానికి ఏముంది?" అంటున్నారు. పైగా మీరు శాకాహారి. వెళ్లడం దండగేమో అన్నది మీ అనుమానం.

నేను పశువైద్యుడిని. బ్రెజిల్‌లో పశువుల సంతానోత్పత్తి రంగంలో పని చేస్తూ ఏళ్ల తరబడి ఉబెరాబాకు వెళ్లొస్తున్నాను. నా సమాధానం ఒక్క మాటలో: తప్పకుండా వెళ్లండి. కాకపోతే పశువులు చూసే రోజును ముందే ఏర్పాటు చేసుకుని వెళ్లండి. ఆ ఒక్క పని చేయకపోతే మీ ఆఫీసు వాళ్లు చెప్పిందే నిజమవుతుంది. హోటల్లో దిగి, చర్చి చూసి, మాల్‌లో కాఫీ తాగి తిరిగొస్తారు.

ఉబెరాబా టూరిస్టుల ఊరు కాదు. మీనాస్ జెరాయిస్ రాష్ట్రానికి పడమటి కొసన, త్రియాంగులో మినేరో అనే ప్రాంతంలో ఉంది. 2022 జనాభా లెక్కల ప్రకారం 3.37 లక్షల మంది ఉన్నారు. 2011లో మన కడప జనాభా ఎంతో సుమారుగా అంతే. చుట్టూ చెరకు, సోయా, మొక్కజొన్న, పచ్చిక బయళ్లు. ఎవరి పనుల్లో వాళ్లుండే ఊరు కాబట్టి మిమ్మల్ని ఎవరూ వెంటపడి దేనికీ పిలవరు, ఎక్కడికీ తీసుకెళ్లరు. అదే సమయంలో "ఒంగోలు నుంచి వచ్చాం" అన్న మాటకు ఈ ఊళ్లో ఉన్న విలువ నేను బ్రెజిల్‌లో ఇంకెక్కడా చూడలేదు.

ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1868లో ఇంగ్లండ్‌కు పోతున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జాతి జంట ఒకటి అక్కడే అమ్ముడైందని ఈ జాతి చరిత్రలో చెబుతారు. 1878లో లెమ్‌గ్రూబర్ అనే పెంపకందారు జర్మనీలోని హాంబర్గ్ జూ నుంచి మరో జతను కొన్నాడు. ఆ తర్వాత ఉబెరాబా ప్రాంతపు రైతులు దళారుల మీద ఆధారపడటం మానేసి నేరుగా మన దేశానికే ఓడెక్కారు. తెయోఫిలో ది గొడోయ్ 1893లో వెళ్లొచ్చాడు. ఆయన బాటలో ఇంకెందరో. యూరప్ జాతుల పశువులు ఇక్కడి ఎండకు, పిడుదులకు, ముతక గడ్డికి తట్టుకోలేకపోయాయి. మన పశువులు తట్టుకున్నాయి. ఇప్పుడు బ్రెజిల్‌లో 23 కోట్లకు పైగా పశువులున్నాయి, వాటిలో చాలా భాగం నెలోర్, లేదా నెలోర్ రక్తం కలిసినవే. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలోకి వెళ్లింది. అందుకే మనం ఒంగోలు జాతి అనేదాన్ని వాళ్లు నెలోర్ అంటారు.

చివరి పెద్ద దిగుమతులు 1960, 1962ల్లో జరిగాయి. 1962లో తెచ్చిన పశువుల్ని సముద్రం మధ్యనున్న ఫెర్నాండో ది నరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచి, ఆ తర్వాతే ప్రధాన భూభాగానికి చేర్చారు. ఆ రోజుల్లో వచ్చిన ఆబోతుల పేర్లు ఇక్కడి పెంపకందార్లకు కంఠతా వచ్చు: కర్వడి, గోదావరి, అకసము, చెకురుపాడు, తాజ్‌మహల్. కర్వడి అంటే ఒంగోలు పక్కనున్న మన కరవది ఊరే. ఆ ఊరి ఆబోతు బ్రెజిల్ నెలోర్ మందల్లో చాలావాటికి మూలపురుషుల్లో ఒకటి. ఇక్కడ ఏ మంచి ఆబోతు వంశావళి కాగితం తీసినా, కొన్ని తరాలు వెనక్కి వెళ్తే మన ఊళ్ల పేర్లు పోర్చుగీసు స్పెల్లింగులో కనిపిస్తాయి. మీవారు తన నాన్నగారి ఎడ్లను గుర్తు చేసుకుంటూ వెళ్తున్నారు కాబట్టి ఆ కాగితం ఒకటి అడిగి చూడండి. పెంపకందార్లు దాచుకోరు, ఎంతో గర్వంగా చూపిస్తారు.

ఇక ఏ సమయంలో వెళ్లాలన్నది. ఏటా ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా ఎక్స్‌పోజెబు జరుగుతుంది. 1930ల నుంచి నడుస్తున్న ఈ ప్రదర్శన మూపురం పశువులకు ప్రపంచంలోనే పేరున్నది. జరిగేది ఊళ్లోనే, ఫెర్నాండో కోస్టా పార్కులో. మీ ప్రయాణం ఆ రోజుల్లో పడితే అదృష్టమే. నెలోర్, గిర్, గుజెరా అని వాళ్లు పిలిచే మన కాంక్రేజ్, ఇంకా ఉబెరాబా ప్రాంతంలోనే పుట్టిన ఇందుబ్రజిల్ జాతి, అన్నీ ఒకే చోట చూడొచ్చు. ఉదయం పూట షెడ్ల మధ్య నడవండి. పశువుల్ని షాంపూతో కడుగుతుంటారు, తోక కుచ్చు దువ్వుతుంటారు, పేడ పడగానే ఎత్తేస్తారు. రింగులో పోటీ మొదలయ్యాక కాపరులు ఒక్కో పశువును నడిపించుకొస్తారు. జడ్జి మైకు పట్టుకుని ఫలానా దాన్ని మొదటి స్థానంలో ఎందుకు పెట్టాడో కారణాలు చెప్తాడు. నడుము వాలు, కాళ్ల నిలకడ, గిట్టలు, గంగడోలు, మూపురం ఎక్కడ కూర్చుందన్నది, ఇలా వరుసగా ఒక్కోటీ. భాష రాకపోయినా అతని వేలు ఎటు చూపుతుందో గమనిస్తే సగం అర్థమవుతుంది. మీ మామగారికి వీడియో కాల్ చేసి చూపిస్తే మిగతా సగం ఆయనే చెప్పేస్తారు.

అయితే ఆ పది రోజుల్లో హోటళ్లు ముందే నిండిపోతాయి, రేట్లు బాగా పెరుగుతాయి. రూమ్ నెలల ముందే బుక్ చేయాలి. అంత ముందుగా మీ తేదీలు తేలకపోతే ఆ వారం వదిలేసి జూన్, జూలై, ఆగస్టుల్లో ఏదో ఒక గురువారం సాయంత్రం బయల్దేరేలా చూసుకోండి. అక్కడ అది పొడిగా ఉండే చలికాలం. వాన ఉండదు, పగలు హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున మాత్రం స్వెట్టర్ కావాలి. సెప్టెంబరులో వేడి, పొడి దుమ్ము. అక్టోబరు నుంచి మార్చి దాకా వానలు. మధ్యాహ్నం దాటాక కుండపోత పడితే ఊరి నడుమనున్న లెయోపొల్డీనో ది ఒలివేరా అవెన్యూలోకి నీళ్లొచ్చేస్తాయి. అడుగున కప్పేసిన వాగు ఉంది కాబట్టి అలా జరుగుతుంది. వానాకాలంలో ఆ రోడ్డుపై కారు పార్క్ చేయకండి.

సావో పాలో నుంచి దూరం 480 కిలోమీటర్ల పైనే. తియెటె బస్ టెర్మినల్ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు, సుమారు ఏడు గంటల ప్రయాణం. టికెట్‌లో తరగతులుంటాయి: కొన్వెన్సియొనాల్ మామూలు సీటు, సెమీ-లెయితో బాగా వెనక్కి వాలే సీటు, లెయితో దాదాపు పడక. రాత్రి ప్రయాణానికి లెయితోయే తీసుకోండి. ఆన్‌లైన్ సైట్లు కొన్ని బ్రెజిల్ వాళ్ల పన్ను నంబరు సీపీఎఫ్ అడిగి విదేశీయుల్ని ఆపేస్తాయి. టెన్షన్ పడక్కర్లేదు, కౌంటర్లో పాస్‌పోర్టు చూపిస్తే టికెట్ ఇస్తారు. బస్సెక్కేటప్పుడు కూడా ఒరిజినల్ పాస్‌పోర్టు అడుగుతారు, ఫోన్‌లో ఫొటో చాలదు. విమానమైతే ఉబెరాబాకు చిన్న విమానాశ్రయం ఉంది. కాంపీనాస్ వైపు నుంచి సర్వీసులు ఉంటాయి కానీ తక్కువ. కాబట్టి వేళలు చూసుకున్నాకే మిగతా ప్లాన్ వేసుకోండి.

నన్నడిగితే కారే మేలంటాను, మీవారికి రోడ్డుకు కుడివైపు నడపడం అలవాటైతే. అన్యంగెరా హైవే మీదుగా కాంపీనాస్, రిబెయిరావ్ ప్రెటో దాటి నేరుగా ఉత్తరానికి వెళ్లాలి. టోల్ గేట్లు చాలా ఉంటాయి, రోడ్డు మాత్రం చాలా బాగుంటుంది. రిబెయిరావ్ ప్రెటో చుట్టుపక్కల గంటల తరబడి చెరకు తోటలే. ఇగరపావా దగ్గర గ్రాండే నది వంతెన దాటగానే మీనాస్ రాష్ట్రంలోకి వచ్చేస్తారు, అక్కడి నుంచి ఉబెరాబా ఎంతో దూరం లేదు. ఆయన ఇండియాలోనే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని ఉండాలి, మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. మందు తాగి నడపడం గురించి ఇక్కడి చట్టం చాలా కఠినం, ఒక్క గ్లాసు బీరు తాగినా నడపకూడదు. పశువుల ఫారాలు, డైనోసార్ల మ్యూజియం ఉన్న పెయిరోపొలిస్ పల్లె ఊరికి బయట ఉంటాయి కాబట్టి కారు ఉంటే మీ రెండో రోజు, మూడో రోజు సులువవుతాయి. బస్సులో వెళ్లినా పరవాలేదు. ఊబర్, 99 యాప్‌లు ఊళ్లో బాగానే పనిచేస్తాయి. ఊరి బయటికి వెళ్లేటప్పుడు మాత్రం తిరుగు ప్రయాణం కూడా అదే డ్రైవర్‌తో మాట్లాడుకోండి.

శుక్రవారం పూర్తిగా పశువులకే ఇవ్వండి. పొద్దున్నే ఫెర్నాండో కోస్టా పార్కుకు వెళ్లండి. 1941లో అధ్యక్షుడు జెటూలియో వర్గాస్ ప్రారంభించిన ప్రదర్శనశాల ఇది. బ్రెజిల్ జెబు (అంటే మూపురం పశువుల) పెంపకందార్ల సంఘం ఏబీసీజెడ్ ప్రధాన కార్యాలయం కూడా ఇందులోనే. దేశంలోని జెబు జాతుల జనన రిజిస్టర్లు నడిచేది ఇక్కడి నుంచే. లోపలే జెబు మ్యూజియం ఉంది. పాత ఫొటోలు, కాగితాలు, ఓడల్లో పశువుల్ని తెచ్చిన కథలు అక్కడ చూడొచ్చు. శనివారం, ఆదివారం తెరుస్తారో లేదో అన్న సందేహంతో వెళ్లకండి. వారం మధ్యలో ఆఫీసు వేళల్లో, ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. నేను శుక్రవారం అనడం అందుకే.

మధ్యాహ్నం ఫారం. ఇదే మీరు ముందుగా ఏర్పాటు చేసుకోవాల్సింది. ఉబెరాబా చుట్టూ జాతి పశువుల ఫారాలు, ఆబోతుల వీర్యం సేకరించే పెద్ద కేంద్రాలు ఉన్నాయి. అల్టా, ఏబీఎస్ కంపెనీల కేంద్రాలు కూడా ఇక్కడివే. వీటిలో ఏదీ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లే చోటు కాదు. కనీసం మూడు వారాల ముందు ఏబీసీజెడ్‌కు, రెండు మూడు కంపెనీలకు, ఫారాలకు చిన్న మెయిల్ రాయండి. ఆన్‌లైన్ అనువాదం సాయంతో పోర్చుగీసులోనే రాయండి, ఇంగ్లీషులో రాస్తే జవాబు ఆలస్యం కావచ్చు. ఏం రాయాలంటే: మేం భారతదేశంలో ఒంగోలు జాతి పుట్టిన ప్రాంతం వాళ్లం, మా ఇంట్లో ఈ పశువులు ఉండేవి, వ్యాపారం పని కాదు, ఒక గంట చూసి వెళ్తాం, ఫలానా తేదీ. అంతే. మీ మామగారి ఎడ్ల ఫొటో ఏదైనా ఉంటే దానికి జత చేయండి. అలాంటి ఫొటో పంపినవాళ్లకు జవాబు రాకపోవడం నేను చూడలేదు. ఇక్కడి పెంపకందారు తన మంద తాతముత్తాతల ఊరి నుంచి ఎవరైనా వచ్చారంటే ఇంట్లో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వకుండా పంపడు.

ఒక జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది. బ్రెజిల్ దశాబ్దాలు టీకాలు వేసి ఆ వ్యాధిని వదిలించుకుంది, టీకా అవసరం లేకుండానే వ్యాధిరహిత దేశంగా 2025 మేలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. కాబట్టి గుంటూరులో పశువుల కొట్టంలోకి వేసుకెళ్లిన చెప్పులు, బూట్లు, బట్టలు వెంట తేవద్దు. ఇక్కడికి వచ్చే ముందు పశువుల దగ్గరికి వెళ్లి ఉంటే ఫారం వాళ్లు అడక్కముందే చెప్పండి. వాళ్లు ఇచ్చే బూట్లు వేసుకుని, మందు నీళ్లలో కాళ్లు తడిపి లోపలికి వెళ్లండి. నెయ్యి, పాలకోవా, పూతరేకులు లాంటివి కూడా సూట్‌కేసులో పెట్టుకోకండి. జంతు ఉత్పత్తుల మీద ఎయిర్‌పోర్టులో నిబంధనలున్నాయి, చెత్తబుట్టలో వేయిస్తారు.

ఇంకో మాట, ఇది మనసులో పెట్టుకునే బయల్దేరాలి. మన దగ్గర ఒంగోలు గిత్త అంటే దుక్కి, బండి, బండలాగుడు పోటీలు, కనుమ నాడు కొమ్ములకు రంగులు. ఇక్కడ నెలోర్ అంటే మాంసం. ఉబెరాబాలో మీరు చూసేవి వంశం కోసం ఉంచుకున్న మేలుజాతి ఆబోతులు, ఆవులు. వాటిని పిల్లల్లా చూసుకుంటారు. కానీ ఈ పరిశ్రమ అంతా నిలబడ్డది మాంసం అమ్మకాల మీదే. గిత్తను చూసి మురిసిపోయిన పది నిమిషాలకే ఆ ఫారం యజమాని మిమ్మల్ని షుర్రాస్కో భోజనానికి పిలవచ్చు. అంటే నిప్పుల మీద కాల్చిన మాంసం. అది ఆయన మర్యాద. ఈ సంగతి ఇద్దరూ ముందే మాట్లాడుకోండి, అక్కడికెళ్లి ముఖం చిన్నబుచ్చుకోకండి. మెయిల్లోనే "నేను మాంసం తినను, కాఫీ చాలు" అని రాస్తే ఆయనకూ ఇబ్బంది ఉండదు. నాకు ఈ విషయంలో మనసు ఇప్పటికీ రెండు వైపులా లాగుతుంది. అయినా ట్రాక్టర్లు వచ్చాక మన ఊళ్లలో ఎడ్ల జతలు ఎలా తగ్గిపోయాయో చూసినవాణ్ణి. ఇక్కడ ఒక రైతు తరాల రికార్డు తెరిచి కరవది ఆబోతు పేరు మీద వేలు పెట్టి చూపిస్తే, ఆ శ్రద్ధకు నమస్కారం పెట్టకుండా ఉండలేను.

పశువులో తేడా కూడా గమనించండి. మన ఒంగోలు గిత్త పొడవు కాళ్లతో, ఎత్తుగా, నడిస్తే గంగడోలు ఊగుతూ ఉంటుంది. లాగడానికి పనికొచ్చే శరీరం అది. ఇక్కడి నెలోర్‌కు వీపు వెడల్పు, తొడల్లో కండ ఎక్కువ, గంగడోలు తక్కువ, కాళ్లు కాస్త పొట్టి. కొమ్ములు లేని బోడి రకాన్ని కూడా పెంచారు. రంగు, చర్మం, చూపు మాత్రం మనవే. ఎడ్లు పెంచిన ఇంటివాడు కాబట్టి మీవారికి ఈ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది, మీకు చెప్పమనండి. మన పత్రికల్లో 40 కోట్ల ఆవు అని వచ్చిన వియాటినా-19 కూడా ఈ ఊరి దగ్గరే ఉంటుంది. 2023 వేలంలో దానిలో మూడో వంతు వాటా అమ్మినప్పుడు లెక్కగట్టిన పూర్తి విలువ 2.1 కోట్ల రియాల్స్. దాని బరువు 1,100 కిలోలు. గట్టి కాపలాలో ఉంచుతారు కాబట్టి దాన్ని చూడాలనే ఆశ పెట్టుకోకండి.

శనివారం పెయిరోపొలిస్. ఉబెరాబాకు తూర్పున, 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పల్లె. స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రెడెరికో పెయిరో అనే ఆయన ఇక్కడ సున్నపు బట్టీలు నడిపాడు, ఊరికి ఆయన పేరే పెట్టారు. ఆ సున్నపురాయిలోంచే డైనోసార్ల ఎముకలు బయటపడ్డాయి. 1940ల్లో రైలు మార్గం పనుల్లో ఎముకలు దొరికాయన్న కబురు విని లెవెలిన్ ఐవర్ ప్రైస్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త వచ్చి, 1974 దాకా ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. పాత మొజియానా రైల్వే స్టేషన్‌నే ఇప్పుడు డైనోసార్ మ్యూజియంగా మార్చారు. స్టేషన్ కట్టింది 1889లో. చిన్నదే, గంటన్నరలో చూసేయొచ్చు. కానీ శిలాజాలు దొరికిన చోటే, వాటిని తీసిన మనుషుల చేతుల మీదుగా నడిచే మ్యూజియం కాబట్టి ఏ పెద్ద నగరపు మ్యూజియంలోనూ దొరకని దగ్గరితనం ఉంటుంది. 2008లో పేరు పెట్టిన ఉబెరాబటైటాన్, బ్రెజిల్‌లో దొరికిన అతి పెద్ద డైనోసార్లలో ఒకటి. రోడ్డు వెడల్పు పనుల్లో ఈ ప్రాంతంలోనే బయటపడింది. నేల మీదే తిరిగిన మొసలి జాతి జంతువు ఉబెరాబసూకస్ అస్థిపంజరం కూడా చూడదగ్గది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్‌ను చూసినవాళ్లకు ఈ పొడుగు మెడ జంతువులు కొత్తేం కావు. కాకపోతే ఇవి కోటసారస్ కంటే చాలా తర్వాతి కాలానివి, డైనోసార్లు అంతరించడానికి కాస్త ముందువి. ఈ ప్రాంతాన్ని 2024 మార్చిలో యునెస్కో గ్లోబల్ జియోపార్కుగా గుర్తించింది.

మ్యూజియం చూశాక వెంటనే కారెక్కకండి. ఆ పల్లెలో పెద్ద చెట్లున్నాయి, ఇంట్లో చేసిన మిఠాయిలు అమ్మే చోట్లు ఉన్నాయి. దోసి ది లెయిచి అంటే పాలు, చక్కెర కలిపి గంటల తరబడి మరిగించి చేసేది. మన కోవా కంటే మెత్తగా, రంగు ముదురుగా ఉంటుంది. జామపండు హల్వా, మీనాస్ చీజు ముక్క కలిపి ఇస్తారు. ఆ తీపి, ఉప్పదనం మీ ఇద్దరికీ నచ్చుతాయనే నా నమ్మకం. సోమవారం మ్యూజియాలు మూసి ఉంటాయి, కాబట్టి శనివారమే సరైన రోజు.

భోజనం సంగతి. ఇక్కడ శాకాహారం కష్టం కాదు, అడగడంలో జాగ్రత్త కావాలి. "మాంసం వద్దు" అంటే చాలామందికి గొడ్డు మాంసం వద్దనే అర్థమవుతుంది, కోడి, హ్యామ్ వేసి ఇచ్చేస్తారు. "మాంసం, కోడి, చేప, హ్యామ్, బేకన్ ఏవీ తినను" అని మొత్తం పోర్చుగీసులో ఫోన్‌లో రాసుకుని చూపించండి. చిక్కుడు గింజల కూర, అదే ఫెయిజావ్, చూడ్డానికి శుద్ధ శాకాహారమే కానీ అందులో చాలాసార్లు పంది కొవ్వు, బేకన్ ఉంటాయి. ప్రతి చోటా అడిగి తీరాలి. ఫెయిజావ్ త్రొపేరో, తుతు అనే చిక్కుడు వంటకాలను అడగక్కర్లేకుండానే వదిలేయండి.

మధ్యాహ్నానికి పోర్ కీలో హోటళ్లకు వెళ్లండి. వరసగా పాత్రలుంటాయి, కావలసినవి ప్లేటులో పెట్టుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. అన్నం, బెండకాయ వేపుడు, కొలార్డ్ ఆకుకూర, గుమ్మడి, బెంగళూరు వంకాయ, కర్రపెండలం వేపుడు, మొక్కజొన్న పిండితో సంకటిలా వండే అంగు, గుడ్లు, సలాడ్లు. మీనాస్ వంటలో బెండకాయకు పెద్ద పీట, మనవాళ్లకు అదొక ఊరట. జిలో అనే చిన్న చేదు వంకాయ ఉంటుంది, కాకరకాయ ఇష్టపడేవాళ్లు అది తప్పక తినాలి. కారం కావాలంటే బల్ల మీద మిరపకాయల నూనె సీసా అడగండి, వంటలో వాళ్లు వేసేది తక్కువ. పదకొండున్నర నుంచి రెండు లోపే తినేయాలి, ఆ తర్వాత పాత్రలు ఖాళీ. పొద్దున టిఫిన్‌కు పావ్ జి కేజు: కర్రపెండలం పిండి, చీజు కలిపి కాల్చిన ఉండలు. లోపల గుడ్డు కూడా వేస్తారు, మీరు గుడ్డు తినకపోతే అది గుర్తుంచుకోండి. వేడిగా ఉన్నప్పుడే తినాలి. రాత్రికి పిజ్జా, సూప్ దొరుకుతాయి. బిల్లులో పది శాతం సర్వీసు కలిపి ఇస్తారు, తప్పనిసరి కాదు కానీ అందరూ ఇస్తారు. చెల్లింపులకు ఇక్కడివాళ్లు మన యూపీఐ లాంటి పిక్స్ వాడతారు, దానికి ఇక్కడి బ్యాంకు ఖాతా కావాలి. మీవారికి జీతం ఖాతా ఉంటే అది వాడండి, లేకపోతే కార్డు దాదాపు అన్ని చోట్లా చెల్లుతుంది.

ఆదివారం ఊరు నిద్రపోతున్నట్టు ఉంటుంది, దుకాణాలు చాలావరకు మూతే. అది ఊరి నడుమ నడవడానికి మంచిది. రుయి బర్బోజా కూడలిలో కేథడ్రల్, 1854 నాటి చిన్న సాంత రీతా చర్చి, ఎర్రటి తపియోకాంగా రాయితో కట్టిన సావ్ దొమింగోస్ చర్చి చూడండి. ఆ రాయి మన తూర్పు తీరంలో కనిపించే ఎర్రటి లాటరైట్ రాయి లాంటిదే. చీకటి పడ్డాక ఊరి మధ్య భాగం ఖాళీ అయిపోతుంది, అప్పుడు నడవకుండా క్యాబ్ పిలవండి. సావో పాలోతో పోలిస్తే ఊరు నెమ్మదైనదే, అయినా రోడ్డు మీద నిలబడి ఫోన్ చూసుకోవద్దు.

ఉబెరాబాకు బ్రెజిల్ నలుమూలల నుంచి జనం వచ్చేది పశువుల కోసం ఒక్కటే కాదు. షికో షవియేర్ కోసం. 1910లో పుట్టిన ఈయన 1959లో ఇక్కడికి వచ్చి, చివరిదాకా ఇక్కడే ఉన్నాడు. చనిపోయినవాళ్ల ఆత్మలు తన చేత రాయిస్తున్నాయని చెప్పి 400కు పైగా పుస్తకాలు రాశాడు, వాటి డబ్బంతా దానధర్మాలకే ఇచ్చాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఒక చీటీ కోసం ఆయన వాకిట్లో వరసలో నిలబడేవారట. బ్రెజిల్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచిన 2002 జూన్ 30నే ఆయన కన్నుమూశాడు. దేశమంతా సంతోషంగా ఉన్న రోజున పోవాలని ఆయన కోరుకున్నాడని సన్నిహితులు చెబుతారు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. కానీ అక్కడికి వచ్చినవాళ్ల ముఖాలు చూస్తే ఈ ఊరి మనసు తెలుస్తుంది. ఫొటోలు తీసేముందు అడగండి, మాట్లాడితే మెల్లగా మాట్లాడండి.

చుట్టుపక్కలున్న ఉబెర్లాండియా, అరాషా ఊళ్లు, కనాస్త్రా కొండలు కూడా ఈ మూడు రోజుల్లో కలుపుకుందామని అనిపిస్తుంది. వద్దు. ఉబెర్లాండియా వంద కిలోమీటర్ల పైనే, పెద్ద వ్యాపార నగరం, మీకు ప్రత్యేకంగా అక్కడ పని లేదు. కనాస్త్రా కొండలకు, అక్కడి చీజుకు వేరే సెలవు పెట్టుకోండి.

చివరిగా కాగితాల సంగతి. మన పాస్‌పోర్టుకు బ్రెజిల్ వీసా ముందే తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరిగా వేయించుకోండి. మీనాస్ జెరాయిస్‌కు వెళ్లేవాళ్లందరికీ అది వేయించుకోమని సిఫార్సు. పైగా బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు అడుగుతారు. లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. మీకు దగ్గర్లో కేంద్రం దొరక్కపోతే హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ముందుగా స్లాట్ కనుక్కుని వెళ్లండి. మీవారు ఇప్పటికే అక్కడ ఉన్నారు కాబట్టి ఆయన దగ్గర ఆ కార్డు ఉందో లేదో ఈ రాత్రే ఫోన్‌లో అడగండి. ఉంటే ఫారాలకు మెయిల్ రాసే పని ఆయనకు అప్పజెప్పండి. తేదీ, ఫారం ఖాయమయ్యాక హోటల్ ఏ వైపున తీసుకోవాలో మళ్లీ అడగండి, దాన్ని బట్టి చెప్తాను.